దిబ్బ మీద నిమిషం

నేను కట్టిన ఇంజను పొగ కక్కుతోందని నాకు మొదట చెప్పింది కాశీబుగ్గ టీ కొట్టు సూర్యం. చెప్పేటప్పుడు నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత అతని కొట్టులో టీ తాగలేదు.

“మీ బామ్మరిది బండి రైల్వే గేటు కాడ సూసినాను పైడిరాజు గారూ. ఎనకాల జీడిపిక్కలు కాల్సినట్టు పొగ. టెక్కలి తీసుకెల్లి గణపతిరావుకి సూపించినాడంట. బోరు పోయిందన్నాడంట.”

బోరు పోయిందంటే పిస్టన్లు ఆడే గొట్టాలు అరిగిపోయాయని అర్థం. ఇంజను మొత్తం కిందికి దించాలి. ఆ బోరు చేయించింది నేను. ఆ రింగులు ఎక్కించింది నేను. పనైపోయి బండి బయటికి తీసిన రోజున ఇదే టీ కొట్టు ముందు, ఇదే సూర్యం వింటుండగా ఒక మాట అన్నాను. “ఈ ఇంజను ఆయిలు తాగితే నా షెడ్డు బోర్డు దించీసి ఇంటికెల్లిపోతాను” అని. అన్న మాట అన్నట్టే ఉంది. నేను వెనక్కి తీసుకునే రకం కాదు.

అది 2005 ఎండాకాలం. ఆ బండి నా భార్య తమ్ముడు కొండబాబుది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో డీజిల్ బండి. కవిటి దాటాక కొబ్బరి తోటల మధ్య ఉంది మా ఊరు. అక్కడి నుంచి కిడ్నీ జబ్బు వాళ్లను డయాలసిస్‌కు విశాఖపట్నం తీసుకెళ్లి, సాయంత్రానికి తిరిగి తెస్తాడు. అప్పట్లో మా వైపు వాళ్లకు డయాలసిస్ అంటే విశాఖపట్నమే. నా భార్య తవిటమ్మ కూడా ఆ బండిలోనే తిరిగింది, పోయేదాకా.

ఆమె పదకొండో రోజు భోజనాల దగ్గర కొండబాబు అందరి ముందూ అన్నాడు: “మా అప్ప సచ్చిపోతన్నా ఈయనికి షెడ్డే పెల్లాం.” ఆకు ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇంటికి తాళం వేసి పలాస వచ్చేశాను. షెడ్డు వెనక గదిలోనే ఉంటున్నాను. అప్పటి నుంచి ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

మరి వాడి ఇంజను ఎందుకు కట్టానంటే, అందులో కూర్చునేది వాడొక్కడే కాదు గనుక. నీళ్ల గొట్టం పగిలి ఇంజను వేడెక్కి పట్టేసినప్పుడు లాక్కొచ్చి షెడ్డు ముందు పెట్టాడు. పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడకుండా కట్టి ఇచ్చాను. కూలి ఎంత అవుతుందో అంతా తీసుకున్నాను.

సూర్యం ఆ మాట చెప్పిన మర్నాడు ఉదయం బండి నా షెడ్డు ముందుకు వచ్చింది. చప్పుడు వినగానే గుర్తుపట్టాను. తర్వాత వాసన వచ్చింది. మాడిన ఆయిలు వాసన.

కొండబాబు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“సోమవారం టెక్కల్లో ఇంజను దించుతున్నారు బావా. నువ్వు కట్టింది గదా. సెప్పకుండా దించితే బాగోదని వచ్చినాను.”

“ఎవులు సెప్పమన్నారు?”

“సత్యవేణక్క.”

“అదే అనుకున్నాను. నీకంత బుద్ది ఎక్కడేడిసింది.”

సత్యవేణి మా వీధి మనిషి. తవిటమ్మతో పాటే డయాలసిస్‌కు వెళ్లేది. తవిటమ్మ పోయింది, ఆమె ఇంకా తిరుగుతోంది.

“ఎంత తాగతంది?” అని అడిగాను.

“ఇశాపట్నం ఎల్లొత్తే లీటరు పైనే. పొయ్యలేక సత్తన్నాను.”

“ఎప్పటి నుంచి?”

“శివరాత్రి ఎల్లిన కాడ నుంచి కొంచెం కొంచెం. ఇప్పుడు మరీ ఎక్కువైపోనాది.”

“స్టార్ట్ సెయ్యి.”

చేశాడు. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. పొగకు రంగు ఉంటుంది. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. తెల్లగా వస్తే నీళ్లు దిగుతున్నాయి, లేదా డీజిల్ సరిగా మండటం లేదు. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. ఇది నీలం. అందులో అనుమానం లేదు. గణపతిరావు అంతవరకూ సరిగానే చూశాడు.

కానీ పొగకు రంగు ఒక్కటే కాదు, వేళ కూడా ఉంటుంది. రింగులు పోయిన ఇంజను లాగుడు మీద పొగ పోస్తుంది. ఎత్తెక్కేటప్పుడు, బరువు మీద. వాల్వుల దగ్గర రబ్బర్లు పోతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు పోసి ఊరుకుంటుంది. ఇది అలా లేదు. స్టార్ట్ చేసినప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. ఖాళీగా తిరుగుతున్నకొద్దీ చిక్కబడింది. కాసేపు అలా ఉంచి “తొక్కు” అన్నాను. తొక్కాడు. షెడ్డు కనిపించలేదు. పక్కన జీడిపప్పు గోడౌన్ వాళ్లు ముక్కులు మూసుకుని తిట్టారు.

నాకు అప్పుడే సగం తెలిసింది. సగం తెలిస్తే నోరు విప్పకూడదు.

బానెట్ ఎత్తి ఆయిలు పోసే మూత తీశాను. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆ మూతను తిరగేసి అదే కన్నం మీద ఊరికే పెట్టాను. రింగులు పోతే పైనుంచి మంట గాలి కిందికి దిగి ఈ కన్నంలోంచి తన్నుకొస్తుంది. మూత గెంతుతుంది. ఒక్కోసారి ఎగిరి కింద పడుతుంది.

మూత కదల్లేదు.

“సూసినావా?” అన్నాను.

“ఏటి సూడాలి?”

“ఏటీ అవనేదు గదా. అదే సూడాలి.”

అప్పుడే వాడి జేబులో సెల్లు మోగింది. చూసుకుని మొహం మాడ్చుకున్నాడు. గణపతిరావు. ఒక క్షణం ఆలోచించి ఫోను నా చేతికిచ్చాడు.

గణపతిరావూ నేనూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. అతను టెక్కలిలో పెట్టాడు, నేను పలాసలో పెట్టాను. అతని షెడ్డుకు రేకులు, నా షెడ్డుకు తాటి కమ్మలు అని అతను అందరికీ చెప్తాడు. నాకూ రేకులే. చూడకుండా చెప్తాడు. నా గొంతు వినగానే గుర్తుపట్టాడు.

“ఏరా పైడిరాజూ, బండి నీ కాడుందా?”

“నా ఇంజను నా కాడే ఉంతాది.”

“ఒప్పీసుకోరా. మనకీ వయసైపోతంది. ఏ రింగో ఎక్కడో తప్పుగా పడింటాది. తప్పేటి?”

“ఒప్పుకోడానికి అది నువ్వు కట్టిందేటి? రింగులు బాగున్నాయి. టర్బో తాగతంది.”

అతను నవ్వాడు. ఫోనులో నవ్వు మరీ పెద్దగా వినిపిస్తుంది.

“నీలం పొగంటే పదింట్లో తొమ్మిది బళ్లు రింగులేరా. అన్నీ వదిలీసి టర్బో అంతన్నావు. బోర్డు దించమంతారని బయమా?”

“ఆ పదో బండి నా ముందుంది. రేపొచ్చి సూసుకో. నీ కల్లజోడు తెచ్చుకో.”

ఫోను వాడి చేతిలో పెట్టేశాను.

తర్వాత కంప్రెషన్ గేజి పెట్టి చూశాను. ఒక్కో సిలిండరు ఎంత బిగువుగా గాలిని నొక్కుతోందో అది చెప్తుంది. ముల్లు నాలుగింటికీ దాదాపు ఒకే చోటికి వచ్చింది. మంచి ఇంజనుకు ఎక్కడికి రావాలో అక్కడికే. ఆ ముల్లు చూస్తుంటే నాకు ఒంట్లో హాయిగా ఉంది. ఎవరూ పొగడక్కర్లేదు. ముల్లు అబద్ధం ఆడదు, మొహమాటపడదు.

టర్బో దించాను. టర్బో అంటే పెద్ద మాయ ఏమీ లేదు. ఇంజను వదిలే పొగ ఒక పక్క చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో పక్కన ఉన్న చక్రం బయటి గాలిని ఇంజనులోకి నెడుతుంది. మధ్యలో ఆ ఇరుసు తిరిగేది ఆయిలు మీద. ఆ ఆయిలు ఇంజను నుంచే వస్తుంది, మళ్లీ ఇంజనులోకే దిగిపోతుంది. దిగే దారి మూసుకుపోతే పక్కలకు కారుతుంది. కారిన ఆయిలు వేడి గొట్టంలో కాలుతుంది. చూసేవాడికి ఇంజను కాలుస్తున్నట్టే ఉంటుంది.

“ఇలా రా. వేలెట్టు” అన్నాను. ఇంజను పొగ బయటికి వచ్చే కన్నాలు చూపించాను.

కొండబాబు పెట్టాడు. పొడి మసి అంటింది.

“ఇప్పుడిక్కడ.” టర్బో దాటాక పొగ బయటపడే చోటు.

ఈసారి వేలు నల్లగా జిడ్డుగా వచ్చింది. రెండు వేళ్లు రుద్దుకుని చూశాడు.

“ఇంజనులోంచి పొడిగా వచ్చినాది, టర్బో దాటినాక తడిసినాది. ఆయిలు ఎక్కడ కలిసినట్టు?”

“టర్బోలో.”

“టెక్కలి ఎల్లి అదే సెప్పు.”

టర్బో మధ్య భాగం విప్పాను. ఇరుసు పట్టుకుని ఊపితే లొడలొడలాడింది. ఆయిలు దిగే గొట్టం చూశాను. లోపల నల్లగా, గట్టిగా, పేర్చినట్టు గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే పెంకుల్లా ఊడింది. ఆ గడ్డ నాకు తెలుసు. జీడిపిక్కలు కాల్చే పెనానికి అడుగున పట్టే జీడి అచ్చం అలాగే ఉంటుంది. తవిటమ్మ పెళ్లికి ముందు పలాసలో పిక్కలు కొట్టింది. ఆ జీడి మరక ఆమె వేళ్ల మీద చివరిదాకా ఉంది.

ఆయిలు ఊరికే అలా మాడదు. బండి బరువు మీద లాగి వచ్చాక టర్బో ఎర్రగా కాలి ఉంటుంది. అప్పుడు ఇంజను ఆపేస్తే ఆయిలు రావడం ఆగిపోతుంది. లోపల ఉన్న కాస్త ఆయిలూ పెనం మీద మాడినట్టు మాడుతుంది. అందుకే ఆపే ముందు ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. ఈ సంగతి బండి ఇచ్చిన రోజే వాడికి చెప్పాను. వాడి చేత మళ్లీ చెప్పించుకున్నాను కూడా.

“కాలిన బండిని కాలినట్టే ఆపేత్తన్నావు నువ్వు.”

“నేదు బావా. నువ్వు సెప్పిన కాడ నుంచీ నిమిసం ఆగుతున్నాను. ఆస్పత్రి కాడా అంతే, టీ కాడా అంతే. జనాలు తిడతన్నా ఆగుతున్నాను.”

“అబద్దం.”

“మా అప్ప మీద ఒట్టు.”

“ఆమె పేరు నీ నోట రానీకు.”

వాడి కళ్లు ఎర్రబడ్డాయి. నా చేతిలో స్పానరు ఉంది. అది కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. వాడు అబద్ధం ఆడుతున్నాడనే అనుకున్నాను. కానీ అబద్ధం ఆడేవాడు కళ్లు దించుకుంటాడు. వీడు దించలేదు. అది నాకు నచ్చలేదు.

మర్నాడు గణపతిరావు నిజంగానే వచ్చాడు. కళ్లజోడుతోనే వచ్చాడు. బల్ల మీద టర్బో, గొట్టం, గీకిన పెంకులు అలాగే ఉంచాను. అతను చూశాడు. ఇరుసు ఊపాడు. ఇంజను కన్నాల్లో తన వేలు తానే పెట్టుకుని చూశాడు. గేజి అడిగి ఒక సిలిండరుకు మళ్లీ పెట్టించాడు. నేను అడ్డు చెప్పలేదు. అతను చూడాలనే నా కోరిక.

“బోరు బాగుంది” అన్నాడు చివరికి.

“గట్టిగా సెప్పు. గోడౌనోలికి వినిపించనేదు.”

“బోరు బాగుందిరా బాబూ. నువ్వే కట్టినావు, బాగానే కట్టినావు.” స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “అయితే ఒకటి సెప్పు. ఇది ఎందుకు మాడినాది? ఈడు నిమిసం ఆగుతున్నానంతన్నాడు. కొత్త సామాను ఏసి పంపుతావు. కారణం తెలకపోతే మల్లీ మాడతాది. మల్లీ పొగొత్తాది. అప్పుడు నీ బోర్డు సంగతేటి?”

అడగాల్సిన మాటే అడిగాడు. నాకు ఒళ్లు మండింది, కానీ అది అడగాల్సిన మాటే. ఆయిలు తాగితే బోర్డు దించుతానన్నాను. టర్బో తాగితే లెక్కలేదని అనలేదు.

“కారణం నాను సెప్తాను” అన్నాను.

ఆ శుక్రవారం రోగులు వేరే జీపులో వెళ్లారు. కొండబాబు వాళ్లతో వెళ్లి విశాఖపట్నం నుంచి టర్బో సామాను తెచ్చాడు. మాడిన గొట్టాలు పారేసి కొత్తవి వేశాను. లోపలి బుష్షులు, సీళ్లు మార్చాను. గాలి గొట్టాల్లో నిలిచిన పాత ఆయిలంతా తుడిచాను. లేకపోతే అది కాలినన్నాళ్లూ పొగ వస్తుంది, సూర్యం నవ్వుతాడు. ఇంజను ఆయిలు మార్చి బండి బయటికి తీశాను. వెనక తెల్ల గుడ్డ పట్టి తొక్కమన్నాను. గుడ్డ మీద పల్చటి మసి తప్ప మరకలేదు. ఆ గుడ్డను షెడ్డు ముందు తీగ మీద ఆరేశాను. అడిగినవాళ్లకు అదేమిటో చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

మంగళవారం బండి విశాఖపట్నం వెళ్లింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పలాస దగ్గర ఆపి ఎక్కాను. కొండబాబు ఆశ్చర్యపోయి ముందు సీటు మీద సంచి తీశాడు.

వెనక సీట్లో సత్యవేణి ఉంది. చేతికి పట్టీ, కాళ్ల కింద నీళ్ల సీసా. మిగిలినవాళ్లు కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్నారు.

“ఓలమ్మ, పైడిరాజన్నియ్యే! ఊరికి దారి గేపకం ఉందేటి నీకు?”

“ఊరు సూడ్డానికి కాదు. బండి సూడ్డానికి.”

“అవునులే. మనుసుల్ని సూడ్డానికి నువ్వెప్పుడొచ్చినావు గనక.”

డయాలసిస్ చేయించుకుని వచ్చిన మనిషి. నోరు మాత్రం అలాగే ఉంది.

హైవే మీద కొండబాబు బాగానే నడిపాడు. దారిలో టీ కోసం ఆపాడు. ఆపి, తాళం తిప్పకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం ఖాళీగా తిప్పి అప్పుడు ఆపాడు. నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. వాడు చెప్పింది నిజమే.

కవిటి దాటాక తారు రోడ్డు అయిపోయింది. కొబ్బరి తోటల మధ్య ఇసుక దారి. మా ఊరికి ముందు పెద్ద ఇసుక దిబ్బ ఉంది. దాని మీదికి ఎక్కితే అవతల పల్లంలో ఇళ్లు, ఆ వెనక సముద్రం. నిండా మనుషులతో బండి రెండో గేరులో దిబ్బ ఎక్కుతోంది. చక్రాలు ఇసుకలో జారుతున్నాయి. కొండబాబు గట్టిగా తొక్కాడు. టర్బో ఈల వేసింది. ఆ ఈల వింటుంటే లోపల ఎంత కాలుతోందో నాకు కనిపిస్తోంది.

దిబ్బ నెత్తి మీదికి రాగానే వాడు గేరు తీసి తాళం తిప్పేశాడు.

ఇంజను ఆగిపోయింది. బండి చప్పుడు లేకుండా పల్లంలోకి జారుతోంది.

“ఏటి సేసినావురా!” అని అరిచాను.

“ఏటి?”

“ఇంజను ఆపీసినావు!”

“ఆపడమేటి బావా, బండి నడుత్తంది గదా. ఆగినాక గదా నిమిసం.”

వాడి మొహం చూశాను. నిజంగానే అర్థం కాలేదు వాడికి. వాడి లెక్కలో బండి నిలబడితేనే ఆగినట్టు. ఇక్కడ బండి ఇంటి ముందు దాకా జారుతూనే ఉంటుంది కాబట్టి వాడు ఇంజను ఆపినట్టే కాదు. ప్రతి చోటా నిమిషం ఆగాడు. అన్నిటికంటే ఎక్కువగా కాలిన చోట, వారానికి రెండుసార్లు, ఒక్క క్షణం కూడా ఆగలేదు.

“ఎందుకాపుతున్నావు ఇక్కడ? డీజిల్ మిగుల్తాదనా?”

స్టీరింగు బరువెక్కి రెండు చేతులతో తిప్పుతున్నాడు. వెనక నుంచి సత్యవేణి అందుకుంది.

“ఆడ్నేటి అడుగుతావు? తవిటొదిన పెట్టినాది ఆ రూలు.”

నేను వెనక్కి తిరగలేదు.

“అప్పట్లో ఈ బండి సప్పుడు ఈదిలోకి రాగానే ఆడోలందరూ గుండెలు బాదుకుంటూ బయిటికొచ్చీసీవోలు, శవాన్ని తెచ్చినారేమోనని. తలుపు తీత్తే ఒదిన దిగి నడిసెల్లేది. అందరూ నోర్లు మూసుకుని లోనికెల్లిపోయీవోలు. రెండుసార్లు సూసినాది. మూడోసారి తమ్ముడికి సెప్పినాది. ‘ఒరే, దిబ్బ మీదే ఆపీసి జార్సుకొచ్చీ. నాను సావకముందే నాకేటీ ఏడుపులు? సచ్చినాక ఏడవండి, అప్పుడు వద్దన్ను’ అన్నాది. ఆ రోజు కాడ నుంచి ఈడు ఎవుల్ని తెచ్చినా ఇలాగే తెత్తన్నాడు.”

కొబ్బరి మట్టల నీడలు అద్దం మీద నుంచి జారిపోతున్నాయి. చక్రాల కింద ఇసుక చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“నాకెందుకు సెప్పనేదు?” అన్నాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

“ఒదినే వద్దన్నాది. ‘మీ అన్నకి సెప్పకండి. ఇంజను ఆపి బండి దించుతున్నారంటే మీ అందర్నీ తిడతాడు’ అన్నాది.”

నిజమే. తిట్టేవాణ్ణి. ఇంజను ఆగితే బ్రేకుకు బలం పోతుంది, స్టీరింగు రాయి అవుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నాతో కాపురం చేసిన మనిషి. గేజి పట్టుకోకపోయినా ఏది ఎందుకు తిరుగుతుందో తెలిసిన మనిషి.

బండి మా వీధిలోకి జారింది. అరుగు మీద బియ్యం ఏరుతున్న ముసలామె తలెత్తి చూసి మళ్లీ చేటలోకి చూసుకుంది. ఎవరూ పరిగెత్తలేదు. ఎవరూ ఏడవలేదు. సత్యవేణి తన ఇంటి ముందు దిగి, చీర కొంగు సర్దుకుని, సంత నుంచి వచ్చినట్టు లోపలికి నడిచి వెళ్లింది. మిగిలినవాళ్లూ అలాగే దిగారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ఎవరి నడకతో వాళ్లు.

ఆమె పోయింది. ఆమె పెట్టిన పద్ధతి ఊళ్లో నడుస్తోంది. నా బోర్డు చూసి నేను ఎంత మురిసిపోయానో, ఆ వీధి చూసి అంతకంటే ఎక్కువ మురిసిపోయాను.

చివరన మా ఇల్లు. తాళం తుప్పు పట్టింది. కొండబాబు అక్కడ బండి నిలిపాడు. స్టీరింగు వదల్లేదు.

“ఇంక నుంచి ఇంజను ఆపకుండా తెత్తాను బావా. టర్బో పోతే అందరికీ కష్టం.”

“ఎవులు సెప్పినారు ఆపొద్దని?”

వాడు నా వైపు తిరిగాడు.

“దిబ్బ మీద బండి నిలబెట్టు. నిమిసం ఖాళీగా తిప్పు. అప్పుడు ఆపి జార్సు. బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టు, మాటిమాటికీ తొక్కకు, ఉన్న బలం పోతాది. మీ అప్ప సెప్పినట్టే రావాల, నాను సెప్పినట్టే ఆగాల. తెలిసిందా?”

“తెలిసింది.” తాళం తీసి చేతిలో పట్టుకుని, “ఆ రోజు బోజనాల కాడ నాను అన్న మాట బావా...” అని మొదలుపెట్టాడు.

“ఇంజను సంగతి ఉంటే సెప్పు.”

“ఇంజను సంగతేటి నేదు.”

“అయితే ఎల్లు.”

వెళ్లాడు. వాడింటి గుమ్మంలో వాడి భార్య నాకు అన్నం పెట్టడానికి కంచం పట్టుకుని నిలబడింది. అటు వెళ్లలేదు. నేను కవిటి దాకా ఆటోలో వచ్చి పలాస బస్సు ఎక్కాను. వాడి మాట వాడు అన్నాడు. అది అలాగే ఉంటుంది. ఇంజను బాగుచేయడం వేరు, అది వేరు.

గణపతిరావుకు ఫోను చేసి కారణం చెప్పాను. “అయితే దిబ్బ మీద నిమిసమా?” అన్నాడు. “అవును” అన్నాను. “బోర్డుకి కొత్త రంగు ఎయ్యించు. ఎలిసిపోనాది” అని పెట్టేశాడు. అతని నోట్లోంచి అంతకంటే మంచి మాట రాదు. వేయించాను. పచ్చ రంగు, తవిటమ్మ మొదట ఎంచినదే.

ఆ వానాకాలం దాటాక ఒక శుక్రవారం మధ్యాహ్నం ఊరికి వెళ్లాను. ఇల్లు కారుతోందని కబురు వచ్చింది. అది ఒక సాకు. తాళం పగలగొట్టి, అరుగు తుడిచి, కూర్చున్నాను. కొండబాబు ఇంటికి వెళ్లలేదు.

పొద్దు వాలుతుండగా దిబ్బ అవతల నుంచి బండి లాగుడు వినిపించింది. ఎక్కుతోంది. రెండో గేరు. టర్బో ఈల. తర్వాత లాగుడు ఆగి, ఇంజను నెమ్మదిగా, ఒకే తూకంలో కొట్టుకోవడం మొదలుపెట్టింది. దిబ్బ నెత్తి మీద కొబ్బరి చెట్ల వెనక బండి కనిపించలేదు. పొగ కూడా కనిపించలేదు. నేను నిలబడి మరీ చూశాను. నీలం లేదు, నలుపు లేదు. ఆకాశం ఉంది.

పక్కింటికి కొత్తగా కాపురానికి వచ్చిన కుసుమ చేదబావి దగ్గర నుంచి అడిగింది.

“తాతా, దిబ్బ మీద ఆ సప్పుడేటి? వారంలో రెండుసార్లు వినిపిత్తాది. మా అత్తని అడిగితే, ‘బతికున్నోలొత్తన్నారు, పొయ్యెలిగించు’ అంతాది.”

“ఏటంతాది?”

“దిబ్బ మీద ఆగి వచ్చిందంటే అందరూ బాగున్నట్టేనంట. శవాన్ని తెచ్చినోడు దిబ్బ మీద ఆగడంట, తిన్నగా వచ్చేత్తాడంట.”

అది తవిటమ్మ పెట్టింది కాదు. నేను పెట్టింది కాదు. ఊరు దానంతట అది పెట్టుకుంది.

ఇంజను ఇంకా కొట్టుకుంటోంది. నాలుగు సిలిండర్లూ ఒకే బిగువు మీద. చెవి పెట్టి విన్నాను. ఎక్కడా తడబాటు లేదు.

“ఆ సప్పుడు నాది” అన్నాను కుసుమతో. “నాను కట్టిన ఇంజను.”

చప్పుడు ఆగింది. బండి పల్లంలోకి జారుతూ కొబ్బరి చెట్ల మధ్య నుంచి బయటికి వచ్చింది. కుసుమ కడవ ఎత్తుకుని పొయ్యి ముట్టించడానికి లోపలికి వెళ్లింది.